ఒకవాంగో నది: తీరవాసుల మాటకు దక్కిన చోటు

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో అంగోలా పీఠభూములపై పుట్టి, నమీబియా ఉత్తర సరిహద్దు వెంట నాలుగు వందల కిలోమీటర్ల మేర పారి, బోట్స్వానాలోని కలహారి ఇసుక నేలల్లోకి ప్రవేశించి, అక్కడే అనేక పాయలుగా విడిపోయి ఆవిరైపోయే ఒకవాంగో నది ఏ సముద్రాన్నీ చేరదు. ఒక నదికి నీరందించే నేలనంతటినీ, అంటే ఎక్కడెక్కడ పడిన వాన వాగులు, వంకల మీదుగా చివరకు ఆ నదిలోకి వచ్చి చేరుతుందో ఆ విస్తీర్ణాన్నంతటినీ, పరీవాహక ప్రాంతం అంటారు. ఒకవాంగో పరీవాహక ప్రాంతం మూడు దేశాల్లో పరచుకుని ఉంది. అందులో సుమారు 9 లక్షల మంది నివసిస్తున్నారు. కానీ నదిలో పారే నీటిలో దాదాపు మొత్తం అంగోలా కొండల్లో కురిసిన వానే. నీరు పుట్టేది ఒక దేశంలో, ఆ నీటిని నమ్ముకుని ఒకవాంగో డెల్టా అనే ప్రఖ్యాతమైన చిత్తడి నేల బతికేది మరో దేశంలో, మధ్యలో దాహంతో ఉన్నది ఇంకో దేశం కావడం వల్ల, ఈ నదిని ఎవరు, ఎవరితో మాట్లాడి నిర్వహించాలన్న ప్రశ్న ఇక్కడ మొదటి నుంచీ పదునుగానే ఉంది.

ఈ నది నడక తెలియకుండా ఆ ప్రశ్న అర్థం కాదు. అంగోలాలో నవంబరు నుంచి మార్చి దాకా కురిసే వానలు కుబాంగో, కుయిటో అనే రెండు ప్రధాన పాయల్లోకి చేరతాయి. రాతి నేలల మీదుగా దిగే కుబాంగో త్వరగా పొంగి త్వరగా తగ్గుతుంది. లోతైన ఇసుక పొరల మీదుగా సాగే కుయిటో తనలో ఇంకిన నీటిని నెమ్మదిగా వదులుతూ ఎండాకాలపు ప్రవాహాన్ని నిలబెడుతుంది. ఈ రెండూ కలిసిన వరద ఏప్రిల్ ప్రాంతంలో బోట్స్వానా సరిహద్దులోని మొహెంబోకు, అక్కడి నుంచి దాదాపు చదునైన నేల మీద మెల్లగా పాకుతూ జులై, ఆగస్టు నెలల్లో డెల్టా అంచున ఉన్న మౌన్ పట్టణానికి చేరుతుంది. అంటే స్థానికంగా ఒక్క చుక్క వాన పడని నెలల్లోనే డెల్టా నిండుతుంది. ఏటా సగటున 10 ఘన కిలోమీటర్ల దాకా, మన లెక్కలో చెప్పాలంటే సుమారు 350 టీఎంసీల నీరు లోపలికి వస్తుంది. అందులో నూటికి 95 వంతులకు పైగా ఎండకు, చెట్ల శ్వాసకు ఆవిరై పోతుంది. ఇంత నీరు ఆవిరైనా డెల్టా ఉప్పు చవిటి కాకపోవడానికి కారణం అందులోని వేలాది దిబ్బలపై పెరిగే చెట్లు. అవి వేళ్లతో నీటిని లాగినప్పుడు లవణాలు దిబ్బల అడుగున పేరుకుపోయి, చుట్టూ ఉన్న నీరు మంచినీరుగా మిగులుతుంది.

తీరవాసుల జీవనం ఈ క్రమానికి అల్లుకుని ఉంది. వరద తీశాక మిగిలిన తడి మీద జొన్న, మొక్కజొన్న వేసే సాగును అక్కడ మొలాపో సాగు అంటారు. గోదావరి లంక రైతులకు అది కొత్త సంగతి కాదు. వరద పదిహేను రోజులు ఆలస్యమైతే విత్తనం వేళ తప్పుతుంది, మరీ ఎక్కువ రోజులు నిలిస్తే పైరు కుళ్లుతుంది, అసలు పొంగకపోతే చేప గుడ్లు పెట్టే మడుగులు నిండవు. ఏడాదికి ఎన్ని టీఎంసీలు వచ్చాయన్న సగటు అంకెలో ఇవేవీ కనిపించవు. నీరు ఎప్పుడు వచ్చింది, ఎక్కడిదాకా పాకింది, ఎన్నాళ్లు నిలిచింది అన్న జ్ఞానం ఒడ్డున ఉన్నవారి దగ్గరే ఉంటుంది. నదీ నిర్వహణలో స్థానికుల భాగస్వామ్యం అవసరమని చెప్పేటప్పుడు సాధారణంగా న్యాయాన్నే కారణంగా చూపుతారు. ఒకవాంగో విషయంలో అది ఇంజినీరింగ్ అవసరం కూడా.

భాగస్వామ్యం అనే మాటను ప్రభుత్వ పత్రాలు ఉదారంగా వాడతాయి కాబట్టి, అందులోని మూడు మెట్లను వేరుచేసి చూడాలి. తీసేసుకున్న నిర్ణయాన్ని ప్రజలకు తెలియజేయడం మొదటి మెట్టు. నిర్ణయానికి ముందు వారి అభిప్రాయం అడిగి, దాన్ని పాటించాలో వద్దో తేల్చుకునే అధికారాన్ని మాత్రం తమ దగ్గరే ఉంచుకోవడం రెండోది. నిర్ణయాన్ని ఆపగలిగే, మార్చగలిగే శక్తిని వారికి ఇవ్వడం మూడోది. నదికి సంబంధించి నిర్ణయాలు జరిగినప్పుడు లాభపడేవారు, నష్టపోయేవారు అందరూ, అంటే రైతులు, జాలరులు, పశువుల కాపరులు, రెల్లు కోసేవారు, పట్టణ వినియోగదారులు, గనులు, పర్యాటక సంస్థలు, ఆ నదికి భాగస్వామ్య పక్షాలే. వీరందరికీ ఒకే మెట్టు మీద చోటు దొరకదు. ఒకవాంగోలో మూడో మెట్టుకు దగ్గరగా వెళ్లిన సందర్భం ఒక ప్రాజెక్టు రూపకల్పనలో భాగంగా కాదు, ఒక ప్రాజెక్టును ఎదిరించడంలో ఎదురైంది.

1980ల చివర బోట్స్వానా ప్రభుత్వం డెల్టా దక్షిణ భాగంలో ఒక సమగ్ర నీటి అభివృద్ధి పథకాన్ని సిద్ధం చేసింది. డెల్టా నుంచి మౌన్ వైపు వచ్చే బోరో అనే పాయను యంత్రాలతో పూడిక తీసి లోతు చేయడం, దిగువన జలాశయాలు కట్టడం, ఆ నీటిని మౌన్ పట్టణానికీ, సేద్యానికీ, దూరాన ఉన్న ఒరాపా వజ్రాల గనికీ అందించడం దాని లక్ష్యాలు. కాగితం మీద అందరికీ ఎంతో కొంత దక్కేలా ఉన్న ఈ పథకం రూపకల్పనను ఆస్ట్రేలియాకు చెందిన ఇంజినీరింగ్ సంస్థ చేపట్టింది. అయితే 1970ల ఆరంభంలో బోరో దిగువ భాగంలో ఒకసారి పూడిక తీత జరిగింది. ఆ తర్వాత గట్లు బోసిపోయి, పచ్చదనం తిరిగి పుంజుకోలేదన్న సంగతి ఆ ఒడ్డున ఉన్న ఊళ్లకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంది. వారి దృష్టిలో కొత్త పథకం భవిష్యత్తుకు సంబంధించిన అంచనా కాదు, తాము చూసిన నష్టానికి విస్తరణ.

1991 జనవరిలో ఈ విషయం మౌన్‌లోని ఖోట్లా ముందుకు వచ్చింది. ఖోట్లా అంటే త్స్వానా ప్రజల గ్రామసభ, ఆ సభ జరిగే ఆవరణ కూడా అదే. ఊరి పెద్ద సమక్షంలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, పెద్ద అందరి మాటా విన్నాకే చివరన తన మాట చెప్పాలి అన్నది దాని సంప్రదాయం. స్వతంత్ర బోట్స్వానా ప్రభుత్వం తన విధానాలను వివరించేందుకు ఈ పాత వ్యవస్థనే వేదికగా వాడుకుంటూ వస్తోంది. దాన్ని అతిగా ఆదర్శీకరించడం కూడా సరికాదు: చాలాకాలం పాటు అక్కడ స్త్రీలకు మాట్లాడే చోటు లేదు, ఆ ప్రాంతపు ఆదిమ నివాసులైన బసార్వాల మాటకు విలువ ఎప్పుడూ తక్కువే. అయినా ఆ రోజు వందలాది మంది తరలివచ్చి గంటల తరబడి ప్రభుత్వ ప్రతినిధుల ముందు ఒకరి తర్వాత ఒకరుగా పథకాన్ని తిరస్కరించారు. పొలం ఉన్నవారు, పశువులున్నవారు, పడవ నడిపేవారు, పర్యాటక వ్యాపారులు ఒకే వైపు నిలవడం ప్రభుత్వం ఊహించని పరిణామం. అంతర్జాతీయ పర్యావరణ సంస్థలూ గొంతు కలిపాయి. ఎగుమతి చేసే వజ్రాల పేరు ఒక నది విధ్వంసంతో ముడిపడడం ఏ ప్రభుత్వానికైనా ఇబ్బందికరమే.

ప్రభుత్వం పని నిలిపివేసి, పథకాన్ని స్వతంత్రంగా పరిశీలించమని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్యను కోరింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త థేయర్ స్కడర్ నాయకత్వంలోని బృందం పథకపు లాభాల అంచనాలను తప్పుపట్టి, మౌన్ అవసరాలకు భూగర్భ జలాన్నీ నది నీటినీ కలిపి వాడుకునే ప్రత్యామ్నాయాలను సూచించింది. 1992లో ప్రభుత్వం పథకాన్ని వదులుకుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: ఊరివారి అభ్యంతరాన్ని నిపుణుల బృందం సమర్థించాకే ప్రభుత్వం దాన్ని పూర్తిగా అంగీకరించింది, కానీ ఊరివారు అడ్డుపడకపోతే నిపుణుల బృందమే వచ్చేది కాదు.

ఈ అనుభవం ఒక దేశంలోపలిది. నది మూడు దేశాలది కాబట్టి 1994 సెప్టెంబరులో అంగోలా, నమీబియా, బోట్స్వానా ప్రభుత్వాలు నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో ఒప్పందం చేసుకుని శాశ్వత ఒకవాంగో నదీ జల కమిషన్‌ను ఏర్పాటు చేశాయి. పరీవాహక ప్రాంతమంతటికీ ఉమ్మడి ప్రణాళిక రూపొందించి మూడు ప్రభుత్వాలకు సలహా ఇవ్వడం దాని పని. సలహా ఇవ్వడమే తప్ప శాసించే అధికారం లేదు. సభ్యులు ప్రభుత్వాలు నియమించినవారు. ఇటువంటి కమిషన్లు నిజంగా పరీక్షకు నిలబడేది కరువు వచ్చినప్పుడు, ఆ కరువు రెండేళ్లలోనే వచ్చింది.

1996లో తీవ్రమైన కరువుతో విండ్‌హోక్‌కు నీరిచ్చే జలాశయాలు అడుగంటగా, రుండు పట్టణం దగ్గర నదిలో నుంచి నీటిని తోడి సుమారు 250 కిలోమీటర్ల గొట్టపు మార్గంతో గ్రూట్‌ఫాంటీన్‌కు, అక్కడి నుంచి రాజధానికి చేర్చాలని నమీబియా ప్రతిపాదించింది. ఏటా తీయదలచిన నీరు ఒక టీఎంసీ కూడా కాదు. నది సగటు ప్రవాహంలో అది ఒక శాతం లోపే. లెక్క ప్రకారం నమీబియా వాదన బలమైనదే, పైగా తన సరిహద్దు వెంట పారే నదిలో తాగునీటికి కూడా హక్కు లేదా అన్న ప్రశ్నకు దిగువ దేశం దగ్గర సరైన జవాబు లేదు. అయినా బోట్స్వానా తీరవాసులు తీవ్రంగా వ్యతిరేకించారు. వారి భయం ఆ ఒక్క శాతం గురించి కాదు. ఒకసారి గొట్టం వేశాక రేపు ఎంత తోడతారో నిర్ణయించేది ఎవరు అన్నది వారి ప్రశ్న. 1997లో వానలు బాగా కురిసి ప్రతిపాదన అటకెక్కింది. సమస్యను తీర్చింది సంప్రదింపులు కాదు, వాన. కమిషన్‌కూ తీరవాసులకూ మధ్య మాట్లాడుకునే దారి ఏదీ లేదన్న లోపం మాత్రం బయటపడింది.

ఆ లోపాన్ని పూరించే ప్రయత్నం 1999లో స్వచ్ఛంద సంస్థల చొరవతో, స్వీడన్ అభివృద్ధి సహాయంతో మొదలైంది. ప్రతి నదికీ తన మనుషులు ఉంటారు అన్న అర్థమిచ్చే పేరుతో వచ్చిన ఈ ప్రాజెక్టును బోట్స్వానాలో కలహారి పరిరక్షణ సంఘం, నమీబియాలో నమీబియా నేచర్ ఫౌండేషన్ నడిపించగా, అంతర్యుద్ధం ముగిశాక అంగోలాలో స్థానిక సంస్థ ఒకటి తోడైంది. మొదట జరిగింది సభలు కాదు, సర్వేలు: ఏ ఊరివారు నది నుంచి ఏం తీసుకుంటున్నారు, వారిని బాధిస్తున్నది ఏమిటి, ఎవరి నిర్ణయాలు వారి దాకా చేరుతున్నాయి అన్న విషయాలను ఊరూరా తిరిగి నమోదు చేశారు. ఆ తర్వాత ఒక్కో దేశం నుంచి పదేసి మంది తీరవాస ప్రతినిధులతో ముప్పై మంది పరీవాహక వేదిక ఏర్పడింది. క్రమంగా ఈ ప్రతినిధులకు కమిషన్ సాంకేతిక సమావేశాల్లో కూర్చునే వీలు దొరికింది.

వేదిక చేసిన పనిలో ఆసక్తికరమైనది తీర్మానాల కంటే రాకపోకలు. అంగోలాలో పాలనా భాష పోర్చుగీసు, మిగిలిన రెండు దేశాల్లో ఇంగ్లీషు; అధికారుల సమావేశాలకు ప్రతిసారీ అనువాదకులు కావాలి. తీరవాసులకు మాత్రం మ్బుకుషు వంటి భాషలు సరిహద్దులకు రెండు వైపులా ఉన్నాయి. 1960ల చివర అంగోలాలో పోర్చుగీసు వలస పాలనపై సాగిన పోరు నుంచి తప్పించుకుని వచ్చిన మ్బుకుషు కుటుంబాలకు బోట్స్వానా ప్రభుత్వం డెల్టా పశ్చిమ అంచున చోటిచ్చింది. ఎట్షా 1 నుంచి ఎట్షా 13 దాకా అంకెలతో పిలిచే ఊళ్లు అవే. అక్కడి స్త్రీలు తాటిజాతి చెట్టు ఆకులతో అల్లే బుట్టలు ఇప్పుడు దేశదేశాలకు వెళ్తున్నాయి. ఇలాంటి బంధుత్వాలున్న మనుషులు ఎగువ, దిగువ ఊళ్లను ఒకరివి ఒకరు చూసి వచ్చినప్పుడు, ఎగువవారు నీళ్లు దాచుకుంటున్నారన్న అపోహ, దిగువవారు ఏనుగుల కోసం మనుషుల దాహాన్ని పట్టించుకోరన్న కోపం కొంతైనా తగ్గాయి. ఒప్పందాలు రాసే న్యాయవాదులు దీన్ని ఫలితంగా లెక్కించకపోవచ్చు గానీ, లెక్కించదగినదే.

నీటి పరిమాణం కంటే సూక్ష్మమైన ఒక సంగతిలో తీరవాసుల ఆందోళన, శాస్త్రజ్ఞుల పరిశోధన ఒకే చోట కలిశాయి. 2000ల ఆరంభంలో నమీబియా విద్యుత్ సంస్థ ఈ నదిపై ఉన్న పోపా జలపాతం దగ్గర సుమారు 20 మెగావాట్ల చిన్న జల విద్యుత్ కేంద్రాన్ని కట్టే ఆలోచన చేసింది. అలాంటి కేంద్రం నీటిని తినేయదు, తిరిగి నదిలోకే వదులుతుంది కాబట్టి దిగువ దేశానికి నష్టమేమిటని అనిపిస్తుంది. కానీ నది అడుగున దొర్లుతూ వచ్చే ఇసుక ఆనకట్ట వెనుక ఆగిపోతుంది. డెల్టాలోని పాయలు ఆ ఇసుకతో, పపైరస్ తుంగతో పూడుకుపోయి, నీరు కొత్త దారులు వెతుక్కుంటూ, పాత దిబ్బలు ఎండి కొత్తవి తడుస్తూ ఉండడం వల్లే డెల్టా ఉప్పు పట్టకుండా సజీవంగా ఉంటుంది; ఇసుక రాకపోతే ఈ మార్పు ఆగుతుంది. ఈ ప్రతిపాదన కూడా ముందుకు సాగలేదు.

2010 నాటికి మూడు దేశాల నిపుణులు కలిసి నదికి ఏ మేరకు నీటిని వదిలితే దాని జీవం నిలుస్తుందో అంచనా వేశారు. దీన్ని పర్యావరణ ప్రవాహ అంచనా అంటారు. నది పొడవునా ఎంచుకున్న చోట్ల చేపలు, చెట్లు, ఒడ్డున ఉన్న కుటుంబాల ఆదాయం ఎలా మారతాయో తక్కువ, మధ్యస్థ, అధిక స్థాయి అభివృద్ధుల కింద లెక్కగట్టారు. అధిక స్థాయిలో ఎగువన సేద్యపు లాభాలు పెరుగుతాయి, దిగువన డెల్టా తీవ్రంగా దెబ్బతింటుంది అని తేలింది. 2011లో వెలువడిన పరీవాహక విశ్లేషణకు ఇదే ఆధారం. లాభం ఒక దేశానికి, నష్టం మరో దేశానికి అని అంకెల్లో కనిపించాక, ఎగువ దేశం వదులుకున్న దానికి దిగువ దేశం ఏమిస్తుంది అన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నకు ఇంతవరకు సూటిగా జవాబు రాలేదు.

డెల్టా లోపల చిన్న తగాదాలలో మాత్రం భాగస్వామ్యం మెరుగ్గా పనిచేసింది. వలలు వేసే జాలరులకూ, గాలాలతో చేపలు పట్టే పర్యాటకులను తీసుకొచ్చే హోటళ్లకూ మధ్య ఏళ్ల తరబడి ఉన్న వైరాన్ని, ఇరువర్గాలూ సభ్యులుగా ఉన్న మత్స్య నిర్వహణ సంఘం ఉమ్మడి నియమావళితో కొంత చల్లార్చింది. తగాదాపడే ఇద్దరూ ఒకే నీటి మీద రోజూ ఎదురుపడేవారైతే మాట కుదరడం సులువు.

తెలుగు పాఠకులకు ఇక్కడ మన నదులు గుర్తుకు రావడం సహజం. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది రాష్ట్ర ప్రభుత్వమే; కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ ముందు వాదించినవి ప్రభుత్వాలే; 2014 పునర్విభజన చట్టంతో వచ్చిన కృష్ణా, గోదావరి యాజమాన్య బోర్డుల్లో కూర్చునేవారు అధికారులే. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఎన్నికలు జరిపిన నీటి వినియోగదారుల సంఘాలు దేశంలోనే ముందడుగు అయినా, వాటి చూపు కాలువలు, తూముల నిర్వహణకే పరిమితం; జలాశయంలోకి ఎంత నీరు రావాలన్నది వాటి పరిధి కాదు. 2003లో కర్ణాటక, తమిళనాడు రైతులు కలిసి కూర్చున్న కావేరి కుటుంబం ప్రయత్నం ఒకవాంగో వేదికకు దగ్గరగా వచ్చినా, దానికి అధికారిక హోదా ఏదీ దక్కలేదు.

ఒకవాంగో వేదికనూ ఆదర్శంగా ఎత్తి చూపడం తొందరపాటు. దాని బలహీనత ఎగువన ఉంది. 1975 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధం వల్ల అంగోలా పరీవాహక ప్రాంతంలో ఆనకట్టలు, పెద్ద సేద్యపు పథకాలు రాలేదు. నది ఇంత స్వచ్ఛంగా మిగలడానికి ఆ యుద్ధమూ ఒక కారణమన్నది కఠినమైన నిజం. అక్కడి కుయిటో క్వానవాలే పట్టణం చుట్టుపక్కల నేలల్లో నేటికీ మందుపాతరలు తీస్తున్నారు. రోడ్డు, కరెంటు, ఆసుపత్రి అందని అంగోలా పల్లెల పెద్దలకు (అక్కడ వారిని సోబాలని పిలుస్తారు) డెల్టాను కాపాడమని చెప్పడం తేలిక. వారు కోరేది సేద్యం, విద్యుత్తు. 2014లో యునెస్కో ఒకవాంగో డెల్టాను 1000వ ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించినప్పుడు పర్యాటక ఆదాయం పెరిగే అవకాశం కలిగింది బోట్స్వానాకే.

నమీబియా వైపు కూడా సంప్రదింపుల నాణ్యత నిలకడగా లేదు. 2021 జనవరిలో కెనడాకు చెందిన ఒక కంపెనీ కవాంగో ప్రాంతంలో చమురు, సహజవాయువుల కోసం తవ్వకం మొదలుపెట్టినప్పుడు, కొవిడ్ ఆంక్షల కాలంలో జరిగిన బహిరంగ విచారణల సమాచారం తమకు సరిగా చేరలేదని స్థానికులు ఫిర్యాదు చేశారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు మౌన్ వాసులు చేయగలిగినట్టు పనిని ఆపించడం వారికి సాధ్యం కాలేదు.

దీనికి తోడు డబ్బు ప్రశ్న ఒకటి. ముప్పై మంది ప్రతినిధులను మూడు దేశాల నుంచి ఒక చోట చేర్చడానికి ప్రయాణం, బస, అనువాదం ఖర్చులుంటాయి; ఇంతకాలం వాటిని ఎక్కువగా విదేశీ దాతలే భరించారు, ప్రాజెక్టు గడువు ముగిసినప్పుడల్లా సమావేశాలు పలచబడ్డాయి. కమిషన్ ముందుకు ఏ ప్రతిపాదన వచ్చినా వేదిక అభిప్రాయం విన్నాకే చర్చించాలన్న నియమం, ఆ వేదిక ఖర్చును మూడు ప్రభుత్వాలూ తమ బడ్జెట్లలో చూపించడం, ఈ రెండూ లేనంత కాలం తీరవాసులకు దక్కింది కుర్చీయే గానీ ఓటు కాదు.